ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద ఫొటో పాఠాలు: దిద్దితే ఏం తిరిగొస్తుంది, ఏం రాదు?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు ఒకప్పుడు పోటీ పరీక్షల పుస్తకాల్లో తప్పకుండా కనిపించేది. 1072.5 మీటర్ల పొడవున్న ఆ స్టేషన్ ప్లాట్‌ఫాం చాలా ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. రికార్డు పోయినా, కెమెరా భుజాన వేసుకుని తిరిగేవారికి ఈ రైల్వే పట్టణం ఇప్పటికీ మంచి ప్రయోగశాలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనులకు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఆ క్వార్టర్ల నుంచి ఆదివారం ఉదయం ఫొటోల కోసం బయల్దేరే కుర్రాడికి ఎన్నో రకాల వెలుగులు ఎదురవుతాయి. ప్లాట్‌ఫాం కప్పు కింద చిక్కటి నీడ, పక్కనే మండే ఎండ. ఊరి అంచున ఎర్రమట్టి. తలపైన 25,000 వోల్టుల కరెంటు తీగలు. చలికాలంలో కంసావతి నది మీద పొగమంచు. రాత్రయితే రకరకాల దీపాలు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక అసలు పని మొదలవుతుంది. నీడలు తేలికవుతాయి, ఆకాశం నీలమవుతుంది, మంచు విడిపోతుంది. ఇందులో సెన్సర్ నిజంగా పట్టుకున్నదెంత, సాఫ్ట్‌వేర్ ఊహించినదెంత? ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఫొటోను నమ్మడమూ కష్టమే, అనుమానించడమూ కష్టమే.

దిద్దని ఫొటో అంటూ ఉందా?

"నేను ఏ ఎడిటింగూ చేయలేదు, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే పెట్టాను" అని చాలామంది గర్వంగా చెబుతుంటారు. భౌతికశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్ తన మీద పడిన కాంతి ఎంతో మాత్రమే కొలుస్తుంది, రంగు దానికి తెలియదు. అందుకే పిక్సెళ్ల మీద చిన్న చిన్న రంగు వడపోతలు అమరుస్తారు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరికలో ప్రతి నాలుగు గళ్లకు రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం ఉంటాయి. మన కన్ను వెలుగు తేడాలను ఆకుపచ్చ ప్రాంతంలో బాగా పట్టుకుంటుంది కాబట్టి దానికి రెండు వాటాలు. నేటి కెమెరాల్లోనూ ఫోన్లలోనూ చాలా వరకు ఇదే పద్ధతి, లేదా దీనికి దగ్గరి బంధువు.

లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగుల విలువలు కావాలి, అంటే మొత్తం 7.2 కోట్ల అంకెలు. సెన్సర్ కొలిచింది 2.4 కోట్లు. మిగతా 4.8 కోట్లు, అంటే మూడింట రెండు వంతులు, పక్క గళ్లను చూసి కెమెరా లెక్కగట్టినవి. వాటిపై మళ్లీ రంగుల సమతుల్యం, మసక తగ్గింపు, పదును పెంపు జరుగుతాయి. దిద్దారా లేదా అన్నది కాదు ప్రశ్న. దిద్దింది మీరా, కెమెరా కంపెనీ ఇంజనీరా అన్నదే.

అందుకే ప్రయోగాలు చేయాలనుకునేవారు మొదట కెమెరాలో 'రా' ఫైల్‌ను ఎంచుకోవాలి. సెన్సర్ అంకెలు అందులో దాదాపు యథాతథంగా ఉంటాయి. ఇప్పుడు చాలా ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉంది. వీటిని తెరవడానికి డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు.

కప్పు కింద నీడ, బయట ఎండ

మధ్యాహ్నం ప్లాట్‌ఫాం మీద నిలబడి, కప్పు కింద కూర్చున్న ప్రయాణికులూ బయట ఎండలో ఆగిన ఇంజనూ ఒకే ఫొటోలో పడేలా తీయాలని చూడండి. నడినెత్తి ఎండ సుమారు లక్ష లక్స్ వెలుగునిస్తుంది. కప్పు లోపలి భాగాన వెయ్యి లక్స్ కూడా ఉండకపోవచ్చు. మన కన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ, మెదడు సాయంతో ఈ తేడాను సర్దుకుంటుంది. సెన్సర్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఇక్కడే బిట్ల సంగతి అర్థమవుతుంది. జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 మెట్లు. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు. అయితే ఈ మెట్లు సమానంగా పంచబడవు. సెన్సర్‌ది సరళ రేఖ లెక్క, కాంతి రెట్టింపయితే అంకె రెట్టింపు. కాబట్టి పై సగం మెట్లు, అంటే 8,192, ఒక్క అతి ప్రకాశవంతమైన స్టాప్‌కే పోతాయి. తర్వాతి స్టాప్‌కు 4,096, ఆ తర్వాత 2,048. అయిదో స్టాప్ దిగేసరికి మిగిలేవి 512. నీడలో ఉన్నవారి ముఖాలు ఈ అడుగు మెట్ల మీదే ఉంటాయి.

ప్రయోగం తేలిక. ఒకే దృశ్యాన్ని ఇంజన్ మీది వెలుగు తెల్లగా మాడిపోకుండా, రా, జేపెగ్ రెండింటిలోనూ తీయాలి. ఎడిటర్‌లో నీడలను నాలుగు స్టాప్‌లు, అంటే 16 రెట్లు పెంచాలి. రా ఫైల్‌లో బెంచీలు, మూటలు, ముఖాలు కొంత గరుకుతో బయటపడతాయి. జేపెగ్‌లో మెట్లు మెట్లుగా చీలిన రంగుల పట్టీలు, చదరాలు కనిపిస్తాయి. తర్వాత దీన్ని తిప్పి చేయాలి. ముఖాలు సరిగ్గా వచ్చేలా తీస్తే ఎండలోని ఆకాశం తెల్లగా మాడిపోతుంది. ఇప్పుడు స్లైడర్ ఎంత కిందికి లాగినా మేఘాలు తిరిగి రావు, బూడిదరంగు మచ్చ వస్తుంది. అక్కడి పిక్సెళ్లు నిండి పొంగిపోయాయి. నిండిన చెంబు మీద ఎంత నీళ్లు పోసినా చెంబెడే మిగులుతాయి. ఎంత ఒలికిపోయిందో చెప్పే గుర్తు ఎక్కడా ఉండదు.

ఎర్రమట్టి రంగు ఎందుకు చచ్చిపోతుంది?

ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్నది లేటరైట్ నేల, ఇనుప ఆక్సైడ్ల వల్ల ఎర్రగా ఉంటుంది. ఫ్రేమంతా ఆ నేలే ఉండేలా ఫొటో తీస్తే, కంటికి కనిపించిన ఎరుపు తెరమీద పాలిపోతుంది. కెమెరా చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. తెలుపు సమతుల్యాన్ని తనంతట తాను నిర్ణయించే పాత, సరళమైన పద్ధతుల్లో ఒకటి, దృశ్యంలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు వస్తుందని అనుకుంటుంది. చెట్టూ, గోడా, మనుషులూ ఉన్న వీధికి ఆ ఊహ పనికొస్తుంది. అంతా ఎరుపే అయితే, దీపం వెలుగే ఎర్రగా ఉందని భ్రమపడి కెమెరా నీలాన్ని పెంచుతుంది. నేటి కెమెరాలు ఇంతకంటే తెలివైనవే కానీ ఈ బలహీనత పూర్తిగా పోలేదు. ఒక తెల్ల కాగితాన్ని అదే వెలుగులో ఉంచి ఒక ఫొటో తీసుకుంటే చాలు, ఎడిటర్‌లో దాన్ని ఆధారంగా చూపించి మిగతావన్నీ సరిచేయవచ్చు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఊహించేది ఏమీ లేదు, మనం కొలత ఇచ్చాం.

రాత్రి వేళ ఇంకో కథ. పాత సోడియం దీపాల వెలుగు ప్రధానంగా 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూనే ఉంటుంది. అల్పపీడన సోడియం దీపమైతే దాదాపు అంతా అదే. ఆ వెలుగులో నీలం చీర నుంచి తిరిగి రావడానికి నీలం కాంతే లేదు. ఎడిటర్‌లో నీలాన్ని పెంచితే పెరిగేది చీర రంగు కాదు, సెన్సర్ గరుకు. నీలం ఎల్‌ఈడీ మీద పసుపు పచ్చగా వెలిగే ఫాస్ఫర్ పూసి తయారుచేసే తెల్ల దీపాలు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. నీలం ఎల్‌ఈడీని సాధ్యం చేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రాత్రి ఫొటోలు తీసేవారు కూడా వారికి కొంత రుణపడి ఉన్నట్టే.

రాత్రి గరుకు, వర్గమూలం సూత్రం

చీకట్లో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుకు తప్పు కెమెరాదే అనుకుంటాం. చాలా వరకు అది కాంతి స్వభావమే. ఫోటాన్లు వానచినుకుల్లా వస్తాయి, లెక్క ప్రకారం రావు. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడితే, ఒక్కోసారి ఆ సంఖ్య అటూ ఇటూ 10 దాకా మారుతుంది, అంటే 10 శాతం. సగటు 10,000 అయితే తేడా 100, ఒక్క శాతమే. ఊగిసలాట ఎప్పుడూ సంఖ్య వర్గమూలమంత. ఐఎస్‌ఓ పెంచితే కొత్త ఫోటాన్లు పుట్టవు, ఉన్న సంకేతమే పెద్దదవుతుంది.

దీనికి విరుగుడు ఎక్కువ ఫోటాన్లను పోగుచేయడమే. ప్లాట్‌ఫాం చివర జనం దారికి అడ్డం కాని చోట కెమెరాను కదలకుండా ఆన్చి, ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి, సాఫ్ట్‌వేర్‌లో సగటు తీస్తే గరుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఫోన్లలోని నైట్ మోడ్ చేసేది దాదాపు ఇదే. వరసగా కొన్ని ఫ్రేములు తీసి, చేతి వణుకును సరిదిద్ది, ఒకదానిపై ఒకటి పేరుస్తుంది. ఈ సగటు నిజమైన కొలత. ఒకే ఫొటోకు గరుకు తగ్గించే బటన్ నొక్కడం వేరు. అది పక్క పిక్సెళ్లను చూసి నునుపు చేస్తుంది, ఎక్కడ నునుపు చేయాలో ఊహిస్తుంది. పట్టాల కింది కంకరను దగ్గరగా చూడండి. రాళ్లు మైనం ముద్దలుగా మారితే ఊహ తప్పిందన్నమాట. ముఖచర్మం మీద ఇదే జరిగినప్పుడు మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు!

రైలు పట్టణంలో ఇంకో చిక్కు. ఎక్కువ సెన్సర్లు ఫొటోను పై వరస నుంచి కింది వరసకు క్రమంగా చదువుతాయి. ఆ చదువుకు సెకనులో 30వ వంతు పట్టిందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఆ వ్యవధిలో దాదాపు 93 సెంటీమీటర్లు కదులుతుంది. ఫ్రేము పైనుంచి కింది దాకా ఉన్న బోగీ వాలిపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. ప్లాట్‌ఫాం మీది ఎల్‌ఈడీ బోర్డులో రైలు నంబరు సగం అంకెలతో పడటానికీ మూలం దగ్గరిదే. ఆ బోర్డు వరసలు కంటికి తెలియనంత వేగంగా ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతుంటాయి. షట్టర్ వేగం తగ్గిస్తే అంకెలు పూర్తిగా వస్తాయి. వాలిన బోగీని సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టవచ్చు, వెలగని వరసను వెలిగించలేం. ఒక హెచ్చరిక: మంచి కోణం కోసం పట్టాల మీదికి దిగడం ప్రాణాపాయమే కాక, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. దగ్గర్లోని కలైకుండ వైమానిక స్థావరం వైపు కెమెరా ఎత్తకపోవడమూ వివేకమే.

పొగమంచును తుడిచే సమీకరణం

చలికాలపు ఉదయం కంసావతి వంతెన ఫొటో మీద 'డీహేజ్' స్లైడర్ జరిపితే మంచు విడిపోయినట్టు ఉంటుంది. వెనకున్న భౌతికశాస్త్రం సరళం. మంచులోంచి కెమెరాకు చేరే వెలుగులో రెండు భాగాలుంటాయి. ఒకటి వస్తువు నుంచి బయల్దేరి, దారిలో కొంత చెదిరిపోగా మిగిలింది. రెండోది మంచు బిందువులు చుట్టుపక్కల వెలుగును చెదరగొట్టి మనవైపు పంపిన తెల్లదనం. దూరం పెరిగేకొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. ఎంత మిగిలిందో తెలిస్తే తెల్లదనాన్ని తీసివేసి, మిగిలినదాన్ని పెంచవచ్చు.

ఒకే ఫొటో నుంచి ఆ 'ఎంత'ను పట్టుకోవడమెలా? కైమింగ్ హే, జియాన్ సున్, షియావో టాంగ్ 2009లో చేసిన పరిశీలన ముచ్చటైనది. మంచు లేని ఆరుబయటి ఫొటోలో ఆకాశాన్ని వదిలేస్తే, ఏ చిన్న ముక్క తీసుకున్నా మూడు రంగుల్లో కనీసం ఒకటి ఎక్కడో ఒకచోట దాదాపు సున్నా ఉంటుంది. ఆకుల్లో నీలం తక్కువ, ఎర్రమట్టిలోనూ నీలం తక్కువ, నీడలో అన్నీ తక్కువ. ఆ సున్నా ఉండాల్సిన చోట పెద్ద అంకె కనిపిస్తే అది మంచు చేర్చిన తెల్లదనమే. దాన్నిబట్టి మంచు మందం తెలుస్తుంది. తెల్ల సున్నం వేసిన గోడ ముందు ఈ సూత్రం బోల్తాపడుతుంది, గోడను కూడా మంచే అనుకుంటుంది. వంతెన దూరపు స్తంభాలు పూర్తిగా మునిగిపోయిన చోట ఏ సూత్రమూ పనిచేయదు. వస్తువు నుంచి వచ్చిన వాటా సున్నాకు చేరువైతే, దాన్ని పెంచడమంటే గరుకును పెంచడమే.

తీగల చుట్టూ మసక, ఒక తిరస్కరించిన ప్రతిపాదన

ఆకాశం ముందు సాగే కరెంటు తీగల ఫొటోను తక్కువ నాణ్యత గల జేపెగ్‌గా భద్రపరిచి, బాగా పెద్దది చేసి చూడండి. తీగల చుట్టూ దోమల గుంపులాంటి మసక కనిపిస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే 1970ల నాటి అమెరికాకు వెళ్లాలి. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ అప్పట్లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసేవారు. కొసైన్ తరంగాలతో చిత్రాలను కుదించవచ్చన్న ఆలోచనతో 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపారు. నిధులు రాలేదు. ఆలోచన మరీ సరళంగా ఉందని ఒక సమీక్షకుడు అన్నట్టు ఆయన తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆయన పట్టు వదల్లేదు. విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లోని కామిశెట్టి రామమోహన్ రావుతోనూ కలిసి 1974 జనవరిలో 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్' వ్యాసం ప్రచురించారు. కె.ఆర్. రావుగా ప్రసిద్ధుడైన ఆ మూడో రచయిత పేరు తెలుగువారికి పరాయిదిగా వినిపించదు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణానికి ఇదే గుండెకాయ.

జేపెగ్ ఫొటోను 8 పిక్సెళ్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరంలోని 64 అంకెలను 64 కొసైన్ నమూనాల మోతాదులుగా మారుస్తుంది. నునుపైన ఆకాశానికి రెండు మూడు మోతాదులు చాలు. మిగతావాటిని గుండుగుత్తగా సవరించి సున్నా చేసినా కంటికి తెలియదు, ఫైల్ మాత్రం చాలా చిన్నదవుతుంది. సన్నని నల్ల తీగకు మాత్రం వేగంగా మారే నమూనాలన్నీ కావాలి. వాటిని కోసేస్తే మిగిలిన తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోలేక తీగ పక్కన అలలుగా మిగులుతాయి. దోమల గుంపు అదే.

ఇంకో పరీక్ష. ఫొటోను అదే నాణ్యతతో పదిసార్లు తెరిచి మూస్తే మొదటి కొన్నిసార్ల తర్వాత పెద్దగా మార్పుండదు. ప్రతిసారీ అంచులో మూడు పిక్సెళ్లు కత్తిరించి భద్రపరిస్తే మాత్రం చదరాల గీతలు జరిగిపోయి, నష్టం మీద నష్టం పేరుకుంటుంది. వాట్సాప్‌లో చేతులు మారిన పెళ్లి ఫొటోల దుస్థితికి ఇది ఒక కారణం, పరిమాణం తగ్గించడం ఇంకో కారణం.

గీత ఎక్కడ?

పైన చెప్పినవన్నీ సెన్సర్ రాసిన అంకెలతో చేసే పనులు. కొన్ని కచ్చితమైనవి, కొన్ని ఊహలు. అయినా ఆధారం ఆ దృశ్యమే. ఇప్పుడు ఫోన్లు ఈ హద్దు దాటుతున్నాయి. 2023 మార్చిలో ఒక వినియోగదారుడు చంద్రుడి ఫొటోను కావాలనే మసకగా మార్చి, కంప్యూటర్ తెరమీద పెట్టి, గది దీపాలార్పి, దూరం నుంచి సామ్‌సంగ్ ఫోన్‌తో తీశాడు. అసలులో లేని బిలాలు, చారికలు ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. చంద్రుణ్ని గుర్తుపట్టి వివరాలు మెరుగుపరిచే కృత్రిమ మేధ వాడుతున్నామని కంపెనీ వివరణ ఇచ్చింది. అందమైన ఫొటో కావాలనుకునేవారికి ఇందులో నష్టం లేదు. ఆ రాత్రి చంద్రుడి మీద ఏముందో తెలుసుకోవాలనుకునేవారికి ఆ ఫొటో దండగ.

వార్తల్లోనూ విజ్ఞానంలోనూ ఈ తేడా ప్రాణప్రదం. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ చివరి దశకు ముందు అసలు ఫైళ్లు అడిగి పోల్చి చూసి, దాదాపు అయిదో వంతు ఎంట్రీలను పక్కనపెట్టింది. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు జీవవైద్య రంగంలోని 20,621 పరిశోధన పత్రాలను కంటితో పరిశీలించి, 3.8 శాతంలో అనుమానించదగ్గ బొమ్మలున్నాయని 2016లో ప్రకటించారు. ఒకే బొమ్మను రెండు ప్రయోగాల ఫలితంగా చూపడం వంటివి అందులో ఉన్నాయి. ఇలాంటి వాటిని ఆపడానికి పత్రికలు పెట్టుకున్న నియమం ఔత్సాహికులకూ పనికొస్తుంది: వెలుగునూ రంగునూ బొమ్మ మొత్తానికి ఒకేలా మార్చవచ్చు, ఒక భాగాన్ని తీసేయడం, చేర్చడం, జరపడం, దాచడం కూడదు. పెళ్లి ఆల్బమ్‌కు ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు. 1951లో ఐఐటీ మొదలైన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాన్ని చరిత్ర ఆధారంగా భద్రపరచాలనుకుంటే మాత్రం, ముందున్న కరెంటు స్తంభాన్ని చెరిపేయడం కూడా అబద్ధమే.

ఫొటో అసలుదో కాదో తేల్చే సాధనం సెన్సర్‌లోనే దాగి ఉంది. తయారీలో వచ్చే అతి చిన్న తేడాల వల్ల ఏ రెండు పిక్సెళ్లూ కాంతికి సరిగ్గా ఒకేలా స్పందించవు. కొన్ని కొంచెం ఎక్కువగా, కొన్ని కొంచెం తక్కువగా స్పందించే ఈ నమూనా ఒక్కో సెన్సర్‌కు ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలాగా. దీంతో ఫొటో ఏ కెమెరాదో గుర్తించవచ్చని లుకాష్, ఫ్రిడ్రిచ్, గోల్యాన్ 2006లో చూపించారు. ఆ జెస్సికా ఫ్రిడ్రిచ్ రూబిక్ క్యూబ్‌ను వేగంగా పూర్తిచేసే పద్ధతితోనూ ప్రపంచ ప్రఖ్యాతురాలు. బయటి నుంచి తెచ్చి అతికించిన భాగంలో ఆ వేలిముద్ర ఉండదు.

మీ కెమెరా వేలిముద్ర చూడాలంటే పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. మబ్బు కమ్మిన రోజున ఒకే తీరుగా ఉన్న ఆకాశాన్ని, ఫోకస్ తప్పించి, రా ఫైల్‌లో 50 సార్లు తీయాలి. అన్నింటి సగటు తీస్తే ఫోటాన్ల ఊగిసలాట ఏడో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత కాంట్రాస్టును విపరీతంగా పెంచాలి. మూలల్లో చీకటి, లెన్సు వెనక పట్టిన దుమ్ము మచ్చలు మొదట కనిపిస్తాయి. వాటి పరిమాణం పెద్దది కాబట్టి మసక చేసిన ప్రతితో భాగిస్తే పోతాయి. మిగిలిన సన్నని గరుకు మరుసటి రోజు తీసినా అదే చోట, అదే రూపంలో కనిపిస్తే, అది ఆకాశానిది కాదు, మీ సెన్సర్‌ది.